ఫస్టియర్ పిల్లలకు ఒక తోడు

తార్నాక,
1968, వానాకాలం

రూతక్కకు,

నమస్తే అక్కా. నువ్వు వెళ్లిపోయి ఏడాది దాటింది. నిరుడు ఎండాకాలంలో వెళ్లావు, ఇప్పుడు రెండో వానాకాలం నడుస్తోంది. కాలేజీలు మళ్లీ తెరిచారు. ఇన్నాళ్లూ నీకు రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏడుపే ముందొచ్చేది. ఇవాళ అలా లేదు. చెప్పాల్సిన సంగతులు అన్ని ఉన్నాయి మరి...

ముందు నీ సంగతి. నువ్వు పాసయ్యావు అక్కా. ఫస్ట్ క్లాస్! పేపర్లో నీ నంబరు చూసి మీ నాన్న మెట్టుగూడ రైల్వే క్వార్టర్లన్నీ తిరిగి "నా బిడ్డ పాసైంది" అని చెప్పి వచ్చారట. కామెర్లతో నువ్వు పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ కబురు విని సంతోషించాలో, ఓదార్చాలో ఎవరికీ తెలియలేదట. ఎలా తెలుస్తుంది?

నేనూ పాసయ్యాను. ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. భువనగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇంగ్లీషు పాఠం ఒక్క ముక్క అర్థంకాక, వరండాలో స్తంభం చాటున నిలబడి ఏడ్చిన అనసూయ... ఎమ్మెస్సీ!

ఆ రోజు నువ్వు చూసీ చూడనట్టు వెళ్లిపోయి ఉంటే? నువ్వు నాకంటే ఒక ఏడాది సీనియర్‌వి. నా పేరైనా తెలియదు నీకు. ఎందుకు ఏడుస్తున్నావని కూడా అడగలేదు. "మొకం కడుక్కొని రా. ఇయ్యాల సారు చెప్పింది నేను తెలుగుల చెప్త. రేపు నువ్వు నాకు ఇంగ్లీషుల చెప్పాలె" అన్నావు. అంతే.

అప్పటినుంచి రెండేళ్లు. పొద్దున్నే మెట్టుగూడ నుంచి నడిచి వచ్చి తార్నాకలో మా చిన్నమ్మ ఇంటి ముందు ఆగి పిలిచేదానివి. అక్కడి నుంచి క్యాంపస్ దాకా నడకే నాకు అసలు క్లాసు. లైబ్రరీ కౌంటర్ దగ్గర ఏం అడగాలి, ప్రాక్టికల్ రికార్డు ఎలా రాయాలి, పిపెట్‌లో ద్రావణాన్ని నోటితో పీల్చేటప్పుడు ఎక్కడ ఆపాలి, క్యాంటీన్‌లో ఆడపిల్ల ఒక్కతే కూర్చుని చాయ్ తాగితే ఆకాశం ఏమీ విరిగి పడదని... అన్నీ ఆ దారిలోనే నేర్చుకున్నాను. ఇంత టైం నా మీద ఎందుకు పెడతావని ఒకసారి అడిగితే, "నీకు చెప్తుంటేనే నాకు సమజైతదే పిల్లా" అన్నావు. నిజమేనా అది? నా మొహమాటం పోగొట్టడానికి అన్నావా?

సరే, అసలు కథకు వస్తాను.

నిరుడు నేను ఫైనలియర్‌లోకి వచ్చాను. మా చిన్నమ్మ ఇంటి వెనక గదిలో నాతో ఉండటానికి బాలమణి అనే పిల్ల వచ్చింది. మెదక్ వైపు పల్లె, వాళ్ల నాన్న రైతు. నాలాగే ఆ పిల్ల కూడా పీయూసీ జిల్లా కాలేజీలో చదివింది. అక్కడ పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా సార్లు తెలుగులో విప్పి చెప్పేవారు కదా? ఇక్కడ బీయస్సీ మొదటి రోజునే నోట్లో మాట పోయింది దానికి. రెండు వారాలకు ఒక సాయంత్రం నేను వచ్చేసరికి ట్రంకు పెట్టె సర్ది, దాని మీదే కూర్చుని ఉంది.

"నాతోని కాదక్కా. ఇంటికి పోత" అంది.

ఆ పూటకు ఏదో చెప్పి ఆపాను. కానీ నాకు నిద్ర పట్టలేదు. బాలమణి నా గదిలో ఉంది కాబట్టి నా కంట పడింది. మరి మిగతావాళ్లో? వెనక బెంచీల మీద అదే మొహం వేసుకుని ఎంతమంది కూర్చుంటున్నారు? నాకు రూతక్క దొరికింది... దొరకనివాళ్లు ఏమైపోతున్నారు?

అప్పుడు వచ్చింది అక్కా ఆ ఆలోచన. నువ్వు నాకు చేసింది, సీనియర్లం తలా ఒకరిద్దరికి చేస్తే? పాఠాలు చెప్పే మాస్టర్లం కానక్కర్లేదు. మొదటి ఏడాదంతా పక్కన ఉండాలి. భయం వేసినప్పుడు అడగడానికి ఒక మనిషి ఉండాలి. అంతే.

యాదగిరికి చెప్పాను. గుర్తున్నాడా? మా క్లాసే, గోల్నాక నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. "గీ పిలగానికి మాట తక్కువ, చెవులు పెద్దయి" అని నవ్వేదానివి. అంతా విని, "మగపిల్లల్ని నేను జూస్త" అన్నాడు. ఇంకొక మాట లేదు.

మిగతావాళ్లు అంత సులువుగా ఒప్పుకున్నారనుకున్నావా? మీటింగ్ అని పిలిస్తే లాన్‌లో నేను, యాదగిరి, రెండు కాకులు. ఇక ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడిగాను. హాస్టల్లో ఉండే సుశీల అయితే మొహం మీదే అంది, "మాకెవరు చెప్పిన్రు? మేం నేర్చుకోలేదా?"

"నేర్చుకున్నవు. ఎన్ని దినాలు పట్టింది?" అన్నాను.

 "ఏడాది ఆగమైంది" అంది.

"గా ఏడాది ఈళ్లకు మిగుల్చుదాం."

 మర్నాడు ఇద్దరు హాస్టల్ పిల్లల చేతులు పట్టుకుని సుశీలే వచ్చింది. ఆమెను చూసి ఇంకొందరు వచ్చారు.

అసలు అడ్డంకి అక్కడ కాదు, ఆఫీసులో. వైస్ ప్రిన్సిపాల్ సారు సీనియర్లు అనే మాట వింటేనే మండిపడ్డారు. అంతకు ముందు ఏడాది ర్యాగింగ్ భరించలేక ఒక అబ్బాయి చదువు మానేసి వెళ్లాడు కదా? అందుకని మొదటి మూడు నెలలు సీనియర్లు జూనియర్ల దగ్గరికే పోకూడదని ఆర్డరు వేశారు. మేం అడిగింది దానికి సరిగ్గా ఎదురు.

లోపలికి పిలిచి, ఏం కావాలో చెప్పమన్నారు. ఇంగ్లీషులో అడిగారు. నేనూ ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.  మధ్యలో ఒక మాట దొరక్క ఆగిపోయాను. పక్కనున్న యాదగిరి నా వైపు తిరిగాడు. మాట దొరకకపోతే తెలిసిన మాటలతోనే చుట్టూ తిరిగి రమ్మనేదానివి కదా... చుట్టూ తిరిగి వచ్చాను. ముగించాను.

సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇంగ్లీషు ఎవలు నేర్పిన్రమ్మా?" అన్నారు, తెలుగులో.

"మా సీనియర్ సార్. రూత్ అని. మొన్న ఎండాకాలంల చనిపోయింది."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత షరతులు చెప్పారు. అంతా పగటిపూటే జరగాలి, ఆఫీసు కిటికీలోంచి కనిపించే లాన్‌లోనే కూర్చోవాలి. "ఒక్క కంప్లైంటొస్తే బంద్. సమజైందా?"

ఎందుకు కాదు? బయటికి వచ్చి ఆ రాతి మెట్ల మీద కూలబడి నవ్వాను అక్కా. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవారు. నీకు చెప్పాలని ఎంత తహతహలాడానో... తార్నాక దాకా నీతో మాట్లాడుకుంటూనే నడిచాను.

దానికి పెద్ద పేరేమీ పెట్టలేదు. పిల్లలే 'తోడు' అన్నారు. "నీకెవలు తోడు?" "నాకు సుశీలక్క." "నాకు యాదగిరన్న." శనివారం క్లాసులు అయిపోగానే లాన్ నిండిపోయేది. ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు. ఒక చోట లాగరిథమ్ టేబుల్స్, ఒక చోట కప్ప బొమ్మలో భాగాలకు ఇంగ్లీషు పేర్లు, ఇంకో చోట ఇంటి మీద బెంగతో ఏడుపు. ఏడ్చేవాళ్లను ఏడవనిచ్చేవాళ్లం. అది కూడా నీ దగ్గర నేర్చుకున్నదే.

అంతా సాఫీగా సాగిందనను. నెలన్నర తర్వాత ఒక సంగతి తెలిసింది. మాలో ఒక సీనియర్ తన జూనియర్‌తో బట్టలు ఉతికించుకుంటున్నాడు, రికార్డు కూడా రాయించుకుంటున్నాడు. ఆ పిల్లవాడు అదంతా పద్ధతే అనుకున్నాడట పాపం.  యాదగిరి ఆ సీనియర్‌ను అక్కడికక్కడే తీసేశాడు. మరి సారుకు చెప్పాలా, వద్దా?

"చెప్తే బంద్ వెడ్తడు అనసూయ. అంత మట్టిల కలుస్తది" అన్నాడు యాదగిరి. అబద్ధమేమీ కాదు. ఆయన షరతు అదే.

కానీ దాచి నడిపితే మనకూ, ఆ బట్టలు ఉతికించుకున్నవాడికీ తేడా ఏముంది? నువ్వైతే ఏం చేసేదానివో నాకు తెలుసు. వెళ్లి చెప్పాను. మొత్తం చెప్పాను. ఇక ఆపేయమంటారనే అనుకున్నాను.

సారు కిటికీలోంచి లాన్ వైపు చూస్తూ విన్నారు. "నాకు వేరేవాళ్లు చెప్పకముందు నువ్వొచ్చి చెప్పినవ్. గిదే కావాలె నాకు. పో, నడిపియ్యి" అన్నారు. తర్వాత ఒకటి రెండు శనివారాలు ఆయనే లాన్ దాకా నడిచి వచ్చి, ఆ పిల్లవాడి పక్కన కాసేపు నిలబడ్డారు. ఆ పిల్లవాడికి యాదగిరే తోడయ్యాడు.

ఇక బాలమణి...

మొదటి పరీక్షలో కెమిస్ట్రీ పోయింది. ఆ పిల్ల ఇంటికి ఎప్పుడు ఉత్తరం రాసిందో, ఏం రాసిందో, ఒక ఆదివారం వాళ్ల నాన్న తలపాగాతో మా చిన్నమ్మ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. బిడ్డను చూసి కళ్లు తుడుచుకున్నాడు. "గింత బక్కగైనవేంది బిడ్డా? ఏడ్సుకుంట చదువుడెందుకు? నడు, ఇంటికి పోదాం" అన్నాడు. కోపంతో కాదు, ప్రేమతో అన్నాడు. కోపమైతే నేను వాదించేదాన్ని. 

అయినా నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు బాలమణి మాట్లాడింది.

"నాయినా, నేనే రమ్మని రాసిన. గని గప్పుడు వేరే, ఇప్పుడు వేరే. ఇంకొక్క పరీక్ష రాస్త. దాంట్ల గూడ పోతే నేనే వస్త, నువ్వు రావొద్దు."

ఆయన బిడ్డ తల నిమిరాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు పక్కన ఉంటవా అమ్మా?" అన్నాడు. ఉంటానన్నాను. సద్దిమూట విప్పి జొన్నరొట్టెలు మా చేతుల్లో పెట్టి, వచ్చిన బస్సుకే వెళ్లిపోయాడు.

తర్వాత కొన్నాళ్లకు నేను ల్యాబ్‌లో ఉండగా కెమిస్ట్రీ సారు నా బల్ల దగ్గరికి వచ్చారు. "మీ జూనియర్ ఇవాళ నా క్లాసు ఆపేసిందమ్మా" అన్నారు.  ఏం చేసిందో ఏమో...

ఆయనే చెప్పారు. పాఠం మధ్యలో బాలమణి లేచి నిలబడిందట. ఇంగ్లీషులో రెండు మాటలు అని, మూడోది రాక, ఇక తెలుగులో అడిగేసిందట: "సార్, ఆ రెండు కలిసినంక వేడెందుకు పుడ్తది?"  క్లాసులోవాళ్లు నవ్వుతారేమోనని సారే భయపడ్డారట. ఎవరూ నవ్వలేదు. ఆయన చాక్‌పీసు పక్కన పెట్టి తెలుగులోనే చెప్పడం మొదలుపెట్టారు. అది అయ్యేలోపు వెనక బెంచీలో ఇంకో అబ్బాయి లేచాడు. ఆ తర్వాత ఇంకొకరు.

"ఇన్నేళ్లు ఎవరూ అడగకపోతే, అందరికీ అర్థమవుతోందనే అనుకున్నాను" అన్నారు సారు. ఆ రోజు నుంచి క్లాసు చివర కాసేపు తెలుగులో ప్రశ్నలకు వదిలిపెడుతున్నారు. మేం అడగలేదు అక్కా. ఆయనంతట ఆయనే.

బాలమణి తర్వాతి పరీక్ష పాసైంది. ఏడాది చివర పెద్ద పరీక్ష కూడా. మార్కులు మరీ గొప్పగా ఏమీ లేవు. అయినా నిలబడింది. తోడు ఉన్న పిల్లల్లో ఒక్కరు కూడా మధ్యలో ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్లలేదు.  ఒక్కరు కూడా!

ఫలితాలు వచ్చాక నేను, యాదగిరి, సుశీల, బాలమణి, ఇంకా కొందరు పిల్లలం కలిసి మెట్టుగూడ వెళ్లాం. మీ అమ్మకు ముందు చెప్పలేదు. ఒక్కసారిగా అంతమందిమి ముందు గదిలో పట్టక బయట అరుగు మీద కూర్చున్నాం. ఎవరు ఎవరికి తోడో పిల్లలే ఆమెకు చెప్పారు. వింటూ వింటూ మీ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకున్నది ఒక్క బిడ్డ... గింతమంది బిడ్డలు యాడికెల్లి వచ్చిన్రు?" అంది. తర్వాత లేచి అందరికీ చాయ్ పెట్టింది. గ్లాసులు చాలక పక్క క్వార్టరు నుంచి తెచ్చింది. నువ్వు పోయాక ఆ ఇంట్లో అంత గోల అదే మొదటిసారట.

ఈ ఏడు మేం ఎవరినీ బతిమాలలేదు. నోటీసు బోర్డు మీద కాలేజీయే నోటీసు పెట్టింది, కింద వైస్ ప్రిన్సిపాల్ సారు సంతకం. తోడుగా ఉంటామని వచ్చినవాళ్లలో ఎక్కువమంది నిరుటి ఫస్టియర్ పిల్లలే.

ఇవాళ పొద్దున సంగతి చెప్పి ఆపుతాను. కొత్తగా చేరే ఒక పిల్ల వస్తోందంటే బాలమణి తార్నాక బస్టాపుకు వెళ్లింది. నేను కూరగాయలకని వెళ్లి, రోడ్డుకు ఇవతల ఆగి చూశాను. వాన తుంపర పడుతోంది. ఆ పిల్ల బెదురుగా దిగింది. బాలమణి ట్రంకు పెట్టెకు ఒకవైపు పట్టుకుంది, ఆ పిల్ల ఇంకోవైపు. నడుస్తూనే, రోడ్డు ఇవతలికి కూడా వినపడేంత గట్టిగా మొదలుపెట్టింది మన బాలమణి:

"సూడు, మొదటి వారం అంత రాసుకోవాలని పరేషాన్ గాకు. సారు దిక్కే సూడు. చెప్పుకుంట చెప్పుకుంట సారు ఆగి, బోర్డు దిక్కు తిరిగిండంటే, గది ముఖ్యమన్నట్టు. గది రాస్కో. మిగతాది నేను చెప్త."

ఆ పిల్ల నవ్వింది.

అది నేను చెప్పిన ఉపాయం కాదు అక్కా. నువ్వు నాకు చెప్పిందీ కాదు. వెనక బెంచీలో ఒక్కతే కూర్చుని భయపడిన రోజుల్లో బాలమణి తనంతట తాను కనిపెట్టుకున్నది. నాకు అంతవరకూ తెలియనే తెలియదు! వాళ్లిద్దరూ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూశాను. తడిసిపోయాను కూడా.

శనివారం నుంచి మళ్లీ లాన్‌లో కూర్చుంటాం. వాన పడితే వరండాలో. నేను ఈ యూనివర్సిటీలో ఉన్నన్నాళ్లూ నడుపుతాను. నేను వెళ్లాక నడిపేవాళ్లు కూడా ఉన్నారు, నువ్వు దిగులు పడకు.

ఉంటాను అక్కా.

నీ
అనసూయ