బావగారి సలహాలు

ప్రియమైన బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. మీ అక్క దాన్ని మూడుసార్లు పైకి చదివింది, మూడోసారి పక్కింటావిడ కోసం. ముప్పై ఏడేళ్లకే మునిసిపాలిటీ పనుల విభాగానికి పెద్దవయ్యావు. సంతోషం. ఉన్నమాట చెప్పాలంటే కడుపు మండింది కూడా. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నా ఇక్కడ నేనింకా రెండో కుర్చీలోనే ఉన్నాను. నన్ను దాటి పైకి పోయినవాళ్లంతా నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే.

సలహాలు అడిగావు కాబట్టి చెబుతున్నాను. మొదటి నెల ఆ కుర్చీలో కూర్చోకు. నీళ్ల లైన్లు చూసేవాళ్లలో అందరికంటే పాత మనిషిని వెంటబెట్టుకుని పొద్దున్నే ఊరంతా నడువు. ఫిర్యాదులకు మూడు పుస్తకాలుంటే రెండు మూసెయ్. ఫిర్యాదు వచ్చిన తేదీ, పని అయిన తేదీ గేటు దగ్గర బోర్డు మీద రాయించు. అది చూశాక జనం సగం అరుపులు మానేస్తారు. గుంతలు పూడ్పించేటప్పుడు గట్టిగా అరిచినవాడి ఇంటి ముందు మొదలుపెట్టకు, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తి చేయించు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి సోమవారం నీళ్లవాళ్లనీ కరెంటువాళ్లనీ రోడ్డువాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టు. ఎవరు ఏ వీధి తవ్వబోతున్నారో అక్కడే చెప్పాలి. తవ్వాల్సినవాళ్లు తవ్వుకున్నాకే రోడ్డు.

ఉద్యోగం కొత్తలో రెండేళ్లు నేనూ ఆ ఊళ్లోనే చేశాను కదా, ప్రతి సందూ నా కాళ్లకు తెలుసు. నువ్వేమో ఇప్పుడు జీపులో తిరుగుతావు.

కుళ్లుకుంటూనే నీ మేలు కోరే
మీ బావ

*

ప్రియమైన బావగారికి,

మీరు చెప్పింది తు.చ. తప్పకుండా చేశాను. నెల రోజులు నడిచి ఒక జత చెప్పులు అరగదీశాను. సోమవారం మీటింగులో మొదటి వారం అందరూ టీ తాగి వెళ్లిపోయారు. నాలుగో వారానికి కరెంటాయన తనంతట తానే, "మీరు ఎప్పుడు తవ్వుతారో చెప్పండి సార్, అదే గోతిలో మా కేబులూ వేసేసుకుంటాం" అన్నాడు. గేటు దగ్గర బోర్డు ఫొటో పేపర్లో వేశారు, పక్కన నన్ను నిలబెట్టి. ఇదంతా మా బావగారి ఆలోచన అని విలేకరికి గట్టిగానే చెప్పాను. అది మాత్రం వేయలేదు.

ఒక్క సంగతి అడగాలి. పై వారం బజారు వీధిలో పాత రోడ్డు మీదే జానెడు ఎత్తున కొత్తది వేస్తున్నాం. రికార్డు గది కొత్త భవనానికి మారింది, ఏ వీధి కింద ఏముందో చూపే ప్లాన్ల కట్టలు ఇంకా విప్పనేలేదు. నాతో నడిచిన పాత నీళ్ల లైన్‌మన్ బజారు వైపు ఎప్పుడూ పని చేయలేదట. మీరు చేశారు. ఆ వీధి కింద మేం చూసుకోవాల్సింది ఏమైనా ఉందా? మీరు ఏమీ లేదంటే ధైర్యంగా కానిస్తాను.

మీ వెనకే అడుగులు వేస్తున్న
మీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

ఆ పేపరు ముక్కను మీ అక్క అద్దానికి అంటించింది. పొద్దున్నే తల దువ్వుకుందామని నిలబడితే నా మొహం ఉండాల్సిన చోట నీ మొహం. తీసెయ్యమంటే, "మీ ఫొటో పడ్డ రోజున అదీ అంటిస్తాలెండి" అంది.

ఇక్కడ అలాంటి బోర్డు పెడదామని నేను పదేళ్లుగా మొత్తుకుంటున్నాను. మా పెద్దాయన చెవిన పెట్టలేదు. మొన్న నీ ఫొటో నాకే చూపించి, "మనమూ ఇలాంటిది పెడదామయ్యా, కుర్రాడు భలే ఆలోచించాడు" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. బోర్డు నాది, సోమవారం నాది, ఫొటో నీది. విలేకరికి నా పేరు చెప్పానంటున్నావు. నువ్వంటున్నావు కాబట్టి నమ్మాలి మరి.

బజారు వీధి సంగతి ఎప్పటి మాట, నాకేం గుర్తుంటుంది? రోడ్డు కింద మట్టి ఉంటుంది. అంత పేరు తెచ్చుకున్నవాడివి, ఇంకా నన్నడగడం దేనికి? కానిచ్చెయ్.

మీ బావ

*

బావగారికి,

ఈ ఉత్తరం మీ ఆఫీసుకు పంపుతున్నాను. ఇంటికి పంపితే అక్క పైకి చదువుతుంది.

బజారు వీధి రోడ్డు వేసిన పదకొండో రోజున కింద పెద్ద పైపు పగిలింది. నీళ్లు ఆపుదామంటే వాల్వు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దాని మూత మట్టి పేరుకుని ఎప్పుడో కనబడకుండా పోయింది, ఆ పైన మేం జానెడు తారు పోశాం. గుర్తులేదన్న మిమ్మల్ని మళ్లీ అడిగి లాభమేముంది అనుకున్నాను. నాలుగు చోట్ల తవ్వాం. తొమ్మిది గంటలు నీళ్లు పారాయి. దర్జీ దుకాణంలో బట్టల తానులు తేలాయి. రోడ్డు కుంగి మా పనివాడొకడు గోతిలో పడ్డాడు, కాలు రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రిలో అతని భార్య నన్ను చూసి మొహం తిప్పుకుంది.

విచారణ కోసం ప్లాన్ల కట్టలు విప్పించారు. బజారు వీధి కాగితం మూడో కట్టలో దొరికింది. దాని అంచున మీ చేతిరాత, కింద మీ సంతకం. "ఇక్కడ వాల్వు ఉంది, మందుల షాపు మెట్లకు ఎనిమిది అడుగుల దూరం. నా తర్వాత వచ్చేవారికి మనవి. రోడ్డు ఎత్తు పెంచేటప్పుడు ముందు ఈ మూత పైకి లేపండి. పైపు పాతది. పగిలితే ఇది తిప్పడం తప్ప వేరే దారి లేదు." మనవి అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశారు.

కమిషనర్ అది చదివి, "ఇంత శ్రద్ధగల మనిషి ఎవరయ్యా? ఇప్పుడెక్కడున్నాడు?" అన్నారు. మా బావగారే అని చెప్పాను. నన్ను తప్పించారు. నా చోటికి మిమ్మల్ని వేస్తున్నారు, వారంలోగా ఆర్డరు అందుతుంది. బజారు వీధి గురించి ముందుగా మీ బావను అడిగావా అని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మీ ఉత్తరం నా జేబులోనే ఉంది. అక్కకు చెబుతారో లేదో మీ ఇష్టం.

ఒక్కటే నాకు మింగుడుపడడం లేదు బావా. అది రాసిననాటికి మీకు పాతికేళ్లు కూడా ఉండవు. మీ తర్వాత ఎవడొస్తాడో, ఎలాంటివాడో తెలియదు. అయినా వాడు ఇబ్బంది పడకూడదని అంత ఓపిగ్గా రాసిపెట్టారు. తీరా వచ్చినవాణ్ణి నేను.

మీ బావమరిది