మూడు చిరుగుల కోటు

లూనెల్‌లో అమ్మకు వీదాల్ నమస్కారాలు.

నా ఒంటికేమీ కాలేదు, కంగారుపడకు. కోటు చిరిగిందని బండి తోలే మోర్దెకై చెప్పాడటగా, కుట్టిపెడతాను పంపమన్నావు. పంపను.

సోమవారం రాజభటులు మా గురువుగారైన రబ్బీ బోనఫోస్ ఇంట్లోకి జొరబడ్డారు. మన యూదుల ధర్మశాస్త్రాన్నీ, దానికి ఆయన ముప్పై ఏళ్ళుగా రాసిన వ్యాఖ్యానాన్నీ సంత మైదానంలో తగలబెట్టారు. ఆ వ్యాఖ్యానానికి ఇంకో ప్రతి లేదు. శాస్త్రం కాలుతుంటే చూసినవాడు తోలుపత్రాల కోసం ఒకసారి, రాత కోసం ఇంకోసారి చావుకు చింపుకున్నట్టే బట్ట చింపుకోవాలి కదా. రెండోసారి నాకు చెయ్యాడలేదు.

"గట్టిగా లాగరా! మీ అమ్మ నేత అంత తేలిగ్గా లొంగుతుందా?" అన్నారు గురువుగారు. నవ్వారు కూడా. ఆ తర్వాత రొట్టె ముట్టలేదు. గురువారం పోయారు. మూడో చిరుగు ఆయన కోసం. ఈ మూడూ కుట్టకూడనివి, నీకు తెలుసు.

చెల్లికి జ్వరం తగ్గిందా? అటక మీది నాన్న పుస్తకాలను గోడలో పెట్టి, సున్నం పూయించు. ఎవరికీ చెప్పకు. చెల్లికి నా ఆశీస్సులు.

వచ్చే సోమవారం మా వీధిలో మిగతా ఇళ్ళ వంతు. నాకు ఇంకో కోటు పంపు. ఈసారి నేత పలచగా ఉండనీ.

నీ వీదాల్