సైడింగులో ట్యాంకు

డివిజను ఆఫీసు పెద్దలకు స్టేషన్ మాస్టరు నమస్కారాలు.

విషయం: సైడింగులో ట్యాంకు.

పోయిన మంగళవారం మిలటరీ వాళ్ళ గూడ్సు మా స్టేషను దాటుతుండగా ఒక వ్యాగను ఇరుసు వేడెక్కి పొగలొచ్చాయి. దాన్ని విప్పి పక్క పట్టాల మీదికి, సైడింగులోకి నెట్టేసి, మిగతా బండి తన దారిన తాను పోయింది. వ్యాగను మీద ఒక ట్యాంకు, దానికి కాపలాగా ఒక జవాను మిగిలిపోయారు. ఈ రోజుకి ఎనిమిది రోజులు. మిలటరీ వాళ్ళనడిగితే వ్యాగను రైల్వేది అంటారు. మనవాళ్ళనడిగితే సరుకు మిలటరీది అంటారు. మధ్యలో సైడింగు నాది. ఇరుసు బాగుచేయించి, ఇంజను పంపించి తీసుకుపొమ్మని ప్రార్థన.

భవదీయుడు,
స్టేషన్ మాస్టరు

తా.క. దాని గొట్టం తిన్నగా నా గది కిటికీ వైపుంది. లోపల గుండ్లు లేవని జవాను ఒట్టేశాడు. అయినా కుర్చీ పక్కకి జరుపుకున్నాను.

*

స్టేషన్ మాస్టరు గారికి, నీటి సరఫరా విభాగం నుంచి.

మీ ట్యాంకు సంగతి తెలిసి విచారిస్తున్నాం. ఎన్ని లీటర్లు పడుతుంది, మూత ఉందా, ఎక్కడైనా కారుతోందా, వెంటనే తెలపండి. గొట్టం కిటికీ వైపుంటే నీళ్ళు గదిలోకి చిమ్ముతాయి. గుడ్డ కుక్కండి.

ఇట్లు,
హెడ్ క్లర్కు

తా.క. కాపలా పెట్టడం మంచి ఆలోచన. మిగతా స్టేషన్లలో కుళాయిలు ఎత్తుకుపోతున్నారు.

*

హెడ్ క్లర్కు గారికి,

విషయం: సైడింగులో ట్యాంకు.

అయ్యా, అది నీళ్ళ ట్యాంకు కాదు, యుద్ధ ట్యాంకు. లీటర్లు పట్టవు, నలుగురు మనుషులు పడతారు. మూత ఉంది. కారుతోంది కూడా, కానీ నూనె.

నా బాధ ట్యాంకు గురించి కాదు. ఆ జవాను భార్యకి తొలి కాన్పు దగ్గరపడింది. అతనికి సెలవు మంజూరైంది కానీ, ట్యాంకును డిపోలో అప్పగించి సంతకం పుచ్చుకుంటే గాని మొదలు కాదట. "రెండ్రోజులు వెళ్ళిరా బాబూ, నేను చూసుకుంటాను" అన్నాను. "నా సంతకం మీదొచ్చిన సరుకు మాస్టారూ, వదిలెళ్ళలేను" అన్నాడు. ప్యాసింజరు ఆగిన ప్రతిసారీ తనకేమైనా ఉత్తరం వచ్చిందా అని పరిగెత్తుకొస్తాడు. లేదని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

భవదీయుడు,
స్టేషన్ మాస్టరు

తా.క. గుడ్డ కుక్కమన్నారని చెబితే జవాను నవ్వలేదు. గొట్టానికి గుడ్డ టోపీ ఎప్పుడూ ఉంటుందట.

*

స్టేషన్ మాస్టరు గారికి,

వివరాలు అందాయి. నలుగురు మనుషుల్ని లీటర్లలోకి మార్చి రిజిస్టరులో రాసుకున్నాం. నీళ్ళలో నూనె తేలుతోందంటే ట్యాంకు కడిగి చాలా కాలమైందన్నమాట. ఇద్దరు మనుషుల్ని, ఒక బస్తా బ్లీచింగు పౌడరును పంపుతున్నాం. ట్యాంకు అడుగుభాగం మరమ్మతుకి శుక్రవారం ఫిట్టరు వస్తాడు.

ఇట్లు,
హెడ్ క్లర్కు

తా.క. కాపలా మనిషి భార్యకి డాక్టరు ఏ తేదీ చెప్పారో రాయండి. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉంది.

*

హెడ్ క్లర్కు గారికి,

విషయం: సైడింగులో ట్యాంకు.

అయ్యా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. మీ మనుషులిద్దరూ ట్యాంకును చూసి కాసేపు నోరు తెరిచారు. "వచ్చిన పని చేయకపోతే మాకు హాజరు పడదు" అని ఆ తర్వాత కడిగేశారు. ఇప్పుడది మచ్చల ఆవులా ఉంది.

ఫిట్టరు పైపు ముక్క ఒక్కటీ తేలేదు. రెండు జాకీలు, ఒక బేరింగు తెచ్చాడు. "ఇది నీళ్ళది కాదు నాయనా" అంటే "కాగితంలో ట్యాంకు అని ఉంది, ఇది ట్యాంకే కదా మాస్టారూ" అని వ్యాగను కిందికి దూరి, సాయంత్రానికి ఇరుసు బాగుచేసి వెళ్ళిపోయాడు. ఇక ఇంజనొక్కటే కావాలి.

డాక్టరు ఇరవై ఎనిమిదో తేదీ అన్నారు. ఇంకా పది రోజులు. జవానుకి నిన్న భార్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "ఆ ట్యాంకునే పెళ్ళి చేసుకోవలసింది" అని ఒకటే వాక్యం. మా ఆవిడ భోజనం తీసుకెళ్తే ముట్టుకోలేదు. ముప్ఫయ్యేళ్ళుగా బళ్ళు కదిలిస్తున్నవాణ్ణి, ఈ ఒక్క వ్యాగను కదపలేకపోతున్నాను.

భవదీయుడు,
స్టేషన్ మాస్టరు

తా.క. రిజిస్టరులో ఆ గడి నిజంగా ఉందా?

*

స్టేషన్ మాస్టరు గారికి,

పాత ట్యాంకు తొలగింపునకు అనుమతి వచ్చింది. సోమవారం పొద్దున ఇంజను వస్తుంది. ట్యాంకును, కాపలా మనిషిని కలిపి డిపోలో అప్పగిస్తారు.

ఇట్లు,
హెడ్ క్లర్కు

తా.క. మీ ఉత్తరాల్లో ఇకమీదట 'యుద్ధం' అన్న మాట వాడకండి.

*

హెడ్ క్లర్కు గారికి,

అయ్యా, ఇంజను వచ్చింది, ట్యాంకు వెళ్ళింది. జవాను నా చేతులు పట్టుకుని వదిలి, పరుగున వ్యాగను ఎక్కాడు. సైడింగు బోసిపోయింది.

అయితే నాకు రెండ్రోజులుగా తిండి సయించడం లేదు. మీరు పొరపాటున నీళ్ళ ట్యాంకు అనుకుని సైన్యం ట్యాంకును తరలించారు. రేపు ఎవరైనా అడిగితే మీ ఉద్యోగానికే ముప్పు. జరిగింది జరిగినట్టు మీ ఆఫీసరు గారికి నేనే రాసి, తప్పు నా మీద వేసుకుంటాను.

భవదీయుడు,
స్టేషన్ మాస్టరు

*

మాస్టారూ,

ఇది ఆఫీసు కాగితం కాదు, మా అమ్మాయి నోటుపుస్తకంలో చింపింది. మీరు ఎవరికీ ఏమీ రాయకండి. మీకు దణ్ణం పెడతాను.

మీ మొదటి ఉత్తరంలోనే అది ఏ ట్యాంకో నాకు తెలిసింది. నీళ్ళ ట్యాంకులో గుండ్లు లేవని ఒట్టేయడం నేనెక్కడా చూడలేదు. టపా గుమాస్తా 'ట్యాంకు' అన్న మాట చూసి నా బల్ల మీద పడేశాడు. సరైన బల్ల మీదికి తోసేద్దామనే మొదటి జవాబు అలా వేళాకోళంగా రాశాను. అప్పుడు మీ రెండో ఉత్తరం వచ్చింది.

సైన్యం సరుకంటే ఆరు సంతకాలు, ఆరు నెలలు. నీళ్ళ ట్యాంకంటే మా ఆఫీసరు గారి సంతకం ఒక్కటి చాలు. ఆయన 'విషయం' అన్న వరస తప్ప కింద చదవరు. ఫిట్టరు మా అక్క కొడుకు. బేరింగు తీసుకెళ్ళమన్నది నేనే. బ్లీచింగు మాత్రం ఫైలు కోసం, క్షమించండి. మీకు ముందే చెబితే మీ నిజాయితీ ఊరుకోదని మీ చేతిరాత చూస్తేనే తెలిసింది.

మా ఆయన కూడా సైన్యం లారీలను రైలెక్కించి వాటితో పాటే వెళ్ళే పని చేసేవారు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఏదో సైడింగులో ఉన్నారు. ఆయన వచ్చి ఎత్తుకునేసరికి దానికి పళ్ళు కూడా వచ్చేశాయి. ఎవరో కొత్తమనిషని ఆయన వేలు కొరికింది. ఆయన నవ్వారు గాని, ఆ రాత్రి అన్నం తినలేదు.

మీ జవాను ఇరవై ఆరున ఇల్లు చేరాడు. ఇరవై తొమ్మిదిన ఆడపిల్ల పుట్టింది. డిపోలో నా చిరునామా ఇప్పించాను, నిన్న అతని కార్డు వచ్చింది. పిల్ల బొద్దుగా ఉందట, భార్య మాట్లాడుతోందట.

ఉంటాను,
హెడ్ క్లర్కు
(మీరు ఇన్నాళ్ళూ 'అయ్యా' అన్నది నన్నే)

తా.క. పాత ట్యాంకు తీసేసిన చోట కొత్తది పెట్టాలని రూలు. శనివారం మీ స్టేషనుకి ట్యాంకు వస్తోంది. నీళ్ళదే. నలుగురు మనుషులు పడతారు.