అత్త పెట్టిన నలుగు

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. మొగడు లేనిది పసుపు పూసుకోవద్దన్నరు, అప్పటిసంది నేను ముట్టలే. గీ చలికి నా చెంపలు పగిలినయి. అచ్చంపేటల కొన్న క్రీం పూస్తే ఒక్కటే మంట.

ఇయ్యాల పొద్దున మీ అమ్మ శనగపిండిల మీగడ, పసుపు కలుపుకొని నా ముంగట కూసున్నది.

"నాకు పసుపేంది అత్తా? వాడకట్టోళ్లు ఏమంటరు?" అన్న.

"మీ మామ పోయినంక నేను గిట్లనే భయపడ్డ. గన్ని ఏండ్లు ఊకెనే ఎండబెట్టుకున్న గీ పెయ్యిని, గీ మొకాన్ని. నువ్వు గట్ల చేయకు బిడ్డా," అన్నది.

మెల్లగ నలుగు పెట్టింది. మీగడ సల్లగ తగిలింది. కడుక్కున్నంక చెంపలు మెత్తగైనయి, చానా దినాలకు అద్దం చూసుకున్న.

గిన్నెల మిగిలిన పిండి తీసి ఆమె మొకానికి రాసిన. వద్దనలే బావా, కండ్లు మూసుకున్నది.