మీ తమ్ముడి కాళ్ళ చలవ

దగ్గు తగ్గింది, మందుల గురించి మళ్ళీ రాయకు.

ఇక్కడ మన అమ్మాయి వాళ్ళ అరెకరం చిక్కుడు బతికింది. పట్నంలో క్యాంటీన్ నడిపే ఆవిడ దళారి లేకుండా నేరుగా కొంటానంది గానీ, పది రోజులపాటు రోజూ లేత కాయే కావాలంది. తడి తప్పితే బేరం పోయినట్టే. ఇంజను అద్దెకు తెస్తే లాభమంతా దానికే సరి. అందుకే నాలుగు పుస్తకాలు తిరగేసి, చవకలో కాళ్ళతో తొక్కే పంపు కొనిపించాను. బిగించిన రోజే అల్లుడికి నడుం పట్టేసింది. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు.

ఇంజన్లు అమ్ముకునే మీ తమ్ముడు పనిగట్టుకుని వచ్చాడు. "ఇది పిల్లలాడుకునే బొమ్మ బావా! చూడు, చుక్క రాదు" అంటూ ఎక్కి తొక్కాడు. ఆ బరువుకు నీళ్ళు ఉరికాయి.

"వస్తే మాత్రం? చివరి సాలు దాకా పోతాయా?" అన్నాడు, తొక్కుతూనే.

పోయాయి. గంటన్నర తిట్టి, చేనంతా తడిపి, "చెమట చూశావా? ఇదీ నీ పంపు!" అంటూ గెలిచినవాడిలా దిగాడు.

"నాకింకా నమ్మకం కుదరలేదు, రేపు మళ్ళీ చూపించవోయ్" అన్నాను. నాలుగు రోజులుగా పొద్దున్నే వచ్చి చూపిస్తున్నాడు.

నా పాత కళ్ళజోడు పంపించు. పెరటి తలుపు గడియ బాగుచేయించావా? ఎదురింటి మాస్టారికి నా పుస్తకాలు ఇవ్వకు, పోయినసారి ఇచ్చినవాటికి అట్టలు లేవు.

మీ తమ్ముడికి రాస్తే, నీకూ నమ్మకం కుదరలేదనే రాయి. మనవరాలికి నా దీవెనలు. ముప్పై ఏళ్ళుగా మీ తమ్ముడి ముందు నేను ఓడింది లేదు. ఇంకో ఆరు రోజులు ఓపిక పట్టు, కోత అయిపోగానే ఓడిపోతాను.