రోహిణి కాగితప్పువ్వు

బిర్సానగర్, జంషెడ్‌పూర్
20-3-1998

బావా,
ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం, నీ కూతురు రోహిణితో సహా.

నిన్న దాని మిషన్ బడిలో జోసెఫ్ గారి పండగ. ఆయన ఏసుని పెంచిన తండ్రి గనక, ఆ రోజు ప్రతి బిడ్డా తన తండ్రి చొక్కాకి కాగితప్పువ్వు గుచ్చాలి. వస్తానని ఉత్తరం రాసి ఎందుకు ఎగ్గొట్టావు? పువ్వు చేతిలో నలిగిపోయేదాకా పిల్ల గేటు వంకే చూసింది. చివరికి మేనమామనైన నేనే డ్యూటీ బట్టలతో వెళ్లి వరసలో నిలబడ్డాను. బడి గుమస్తా "మామా నహీ, బాప్ చాహియే" అని, మామ పనికిరాడు తండ్రే కావాలని చెయ్యి అడ్డం పెట్టాడు. మాతో వచ్చిన పక్కింటి దాలమ్మ ఊరుకుంటుందా? "ఆ జోసెపు బాబు మట్టుకు కన్నాడేటి? పెంచినాడు గదా!" అని అందరి ముందూ కేకేసింది. సిస్టరమ్మ తలొంచుకుని నన్ను ముందుకు పంపింది. తలొంచుకోవాల్సింది ఆవిడ కాదు, నువ్వు.

పోయిన అక్క ఫోటో నీ దగ్గరుంది, వెంటనే పంపు. ఊళ్లో మా అమ్మకి కంటి మందు అందుతోందా? నీ రెండో భార్య కొడుక్కి నా దీవెనలు. వాడి పువ్వుకైనా వేళకి అందు.

కింద రెండు వరసలు రోహిణి రాస్తుందని వదిలాను. నీకు ఏం రాయాలో తెలియడం లేదంది. అలాగే ఖాళీగా పోస్టు చేస్తున్నాను.

సూర్యం