మూడో వాక్యం

అమ్మలూ,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని అలవాటు కొద్దీ రాసేశాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కణ్ణే కదా. అయినా కొట్టెయ్యలేదు. నువ్వూ, నీ హాస్టలు గదిలో ఉండే ఆ అమ్మాయీ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. మూడు ప్రశ్నలు అడిగావు. వేళకు తింటున్నావా అన్నది మొదటిది. తింటున్నాను. పక్కింటి అక్కయ్య రోజూ డబ్బా పంపుతోంది. తిన్నాక ఏం తిన్నావని అడిగితే మాత్రం చెప్పలేను. నిద్ర కూడా పడుతోంది. మీ అమ్మ పోయి ఇరవై రెండు రోజులైంది, నా కంట ఒక్క బొట్టు రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు గుండె దిటవు గల మనిషి అని మెచ్చుకుని వెళ్తున్నారు. దిటవూ లేదు, పాడూ లేదు, మొద్దుబారిపోయాను. పన్ను పీకేముందు సూదిమందు ఇస్తే చెంప ఉందో లేదో తెలియదు చూడు, ఒళ్లంతా అలా ఉంది.

మూడో ప్రశ్నకు జవాబు చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతాది చదవవు.

రెండోది ఆ మాట గురించి. క్లాసులో వ్యాసం రాయాలి, 'అబ్సర్డిటీ'కి మీ నిఘంటువులో ఏ అర్థం ఇచ్చారు, పుస్తకాల్లో ఎలా వాడారు అని అడిగావు. ఆ ఒక్క మాట దగ్గర మా ఆఫీసులో నాలుగు రోజులు కొట్టుకున్నాం. సంపాదకుడు పెద్దాయన 'అసంబద్ధత' అన్నాడు. టైపు చేసే కళ్లద్దాలావిడ 'హాస్యాస్పదం' అంది. ఈ గొడవ ఇంటికి మోసుకొస్తే మీ అమ్మ బట్టలు మడతపెడుతూ, "తా దూర కంత లేదు, మెడకో డోలు అంటామే, అలాంటిది చూసి ఇంట్లో ఏమంటాం? విడ్డూరం అంటాం. దీనికి ముగ్గురు చదువుకున్నవాళ్లు నాలుగు రోజులు కూర్చోవాలా?" అంది. మూడూ వేశాం. మీ అమ్మ చెప్పింది ముందు వేశాం.

లాటిన్లో దీనికి మూలమైన మాటకు శ్రుతి తప్పినది అని అర్థమట. పాత కథల్లో ఈ మాట వచ్చిందంటే నవ్వులాటే. తలకన్నా పెద్ద టోపీ పెట్టుకుని దారి కనిపించక గోడకు గుద్దుకునేవాడి కోసం వాడేవారు. తర్వాతి రచయితలు నవ్వు తీసేసి మాట ఉంచుకున్నారు. మనిషి అడిగేదానికీ లోకం ఇచ్చేదానికీ పొంతన లేకపోవడాన్ని అలా అన్నారు. వ్యాసంలో ఈ రెండూ వేరు చేసి చూపించు, మార్కులు వస్తాయి.

మా పద్ధతి నీకు తెలుసు. ప్రతి అర్థం కిందా ముగ్గురు రచయితల అచ్చయిన వాక్యాలు మూడు ఉండాలి, సొంతంగా అల్లకూడదు. మీ అమ్మ పోయిన రోజే మొదటి పదహారు పేజీలు అచ్చుకు పోవాలి. పదకొండేళ్ల పనికి అవి తొలి పేజీలు. తీరా చూస్తే ఈ మాటకు మూడో వాక్యం తప్పు. కార్డు మీద రాసుకున్న నంబరు చూసి పుస్తకం తీస్తే ఆ పేజీలో అది లేనే లేదు. వేరేది వెతికి, నేను సంతకం పెడితే గానీ పేజీలు కదలవు.

మీ అమ్మ ఎప్పుడూ అనేది గుర్తుందా? "ఇల్లు తగలబడుతుంటే మీ నాన్న నీళ్లు తేరు, తగలబడటానికి అర్థం రాసుకుంటారు" అని. మనిద్దరం నవ్వేవాళ్లం.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. 'పోయేముందు అమ్మ నన్ను అడిగిందా నాన్నా?'

ఆ రోజంతా మీ అమ్మకు స్పృహ లేదని ఫోన్లో చెప్పాను. అది అబద్ధం. పొద్దున్న తొమ్మిదింటికి నేను ఆసుపత్రికి వెళ్లేసరికి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆపరేషన్ అయిన మూడో రోజు. ఎల్లుండి ఇంటికి పంపుతామని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్లింది.

"పిల్లకి ఫోన్ చేసి రమ్మనండి. ఎందుకో చూడాలనుంది" అంది మీ అమ్మ.

"సాయంత్రం చేస్తాలే. ఈ పూట పేజీలు పోవాలి. ఎల్లుండి ఇంటికొచ్చేస్తున్నావుగా" అన్నాను.

"ఇప్పుడే చేస్తే ఏం పోయింది? రెండు నిమిషాల పని."

"అది కంగారు పడుతుంది. నన్ను ప్రశ్నలతో చంపుతుంది. నాకు ఆలస్యమవుతుంది."

"సరే, మీ మాట సంగతి చూసుకురండి. నేనెక్కడికి పోతాను?" అని నా చొక్కా కాలరు సరిచేసింది.

ఆఫీసులో ఆరు పుస్తకాలు తిరగేశాను. మధ్యాహ్నం మూడూ పదికి వాక్యం దొరికింది. ఇంట్లోకి వరద నీళ్లు వస్తుంటే గోడకు రంగు వేసుకుంటున్న మనిషి గురించిన వాక్యం. చాలా బాగుంది. ఎగిరి గంతేసినంత పని చేశాను. పెద్దాయన చేయి కలిపాడు. సంతకం పెడుతుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఉన్నట్టుండి గుండె ఆగి మూడింటికే పోయిందట.

నీ హాస్టలు నుంచి ఇక్కడికి రైల్లో నాలుగు గంటలు. తొమ్మిదింటికి ఫోన్ చేసి ఉంటే రెండులోపు వచ్చేదానివి. కనీసం గంటసేపు మీ అమ్మ నిన్ను చూసుకునేది.

అడిగింది అమ్మలూ. నిన్నే అడిగింది. ఆవిడ పిలిచింది, నేను నీకు చెప్పలేదు. నువ్వు రాలేదని నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావని సోమవారం అందిన ఉత్తరంలో చదివాక కూడా ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఐదు రోజులు పట్టింది. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు.

క్షమించమని అడగను. జవాబు రాస్తావో లేదో, వస్తావో రావో నీ ఇష్టం.

ఇట్లు,
ఇంకా ఆ పిలుపు నీ నోట వస్తే,
మీ నాన్న